ఛాడఖాయి మర్నాడు

కార్తీకమంతా మా ల్యాబులో ఆకుపచ్చ.
పర్లాకిమిడి జనం చిన్న డబ్బాల్లో పట్టి తెచ్చి
బల్ల మీద పెట్టి పోయే ఉదయాన్ని
కాగితపు పుల్లతో ముంచి చూస్తాను.
కంద, పచ్చి అరటి, గుమ్మడి వేసి
ఉల్లి తగలకుండా వండిన దాల్మా
ఒళ్లంతా తిరిగి అడుక్కి చేరేసరికి
ఆ చిన్న గడిలో లేత చిగురు రంగు.

పున్నమి వెళ్తుంది. ఛాడఖాయి వస్తుంది.
నెలంతా కట్టేసిన నోళ్లు ఒక్కసారే విప్పుకుంటాయి.
చీకటుండగానే మాంసం కొట్టు ముందు లైను,
చేపల గంపల్లోంచి మంచునీళ్లు కారి
కాళ్ల కింద పాయలు పాయలు,
సగం ఒడియా సగం తెలుగు బేరం.
మర్నాడు నా బల్ల మీద
ఏ గడి చూసినా నారింజ.

దండాసి ఆ మర్నాడే వచ్చాడు, నడుం పట్టుకుని.
కాశీనగర్ ఆటో అతనిది. ఇది నాలుగో రాయి.
డాక్టరుగారి చీటీ నా మొహం ముందు ఊపి,
"ఒంట్లో పులుపెక్కువైందన్నదీ ఆయనే,
నిమ్మకాయ పిండుకు తాగమన్నదీ ఆయనే.
ఏటమ్మా ఇది, ఎగతాళా?"

మా అమ్మ ఇత్తడి బిందె తోమేటప్పుడు
ఒక గుప్పిట్లో చింతపండు, ఒక గుప్పిట్లో పొయ్యి బూడిద.
ఆ రెండూ పగవాళ్లనుకునేదాన్ని చిన్నప్పుడు.
చింతకొమ్మే కాలి బూడిదైందని
ఎవరూ చెప్పలేదు.
నాలుక చూసేది రుచి, దండాసీ.
ఒళ్లు చూసేది మిగులు.
పుల్లటి నిమ్మకాయ లోపల మండి బూడిద మిగులుస్తుంది,
కమ్మటి తలకాయ కూర మండి
పులుపు మిగులుస్తుంది.

"ఐతే నా రక్తం పులిసిపోనాదా?"

గుణుపూర్ సంతలో ఎవడో నీలం సీసాల్లో నీళ్లమ్ముతూ
రక్తాన్నే మార్చేస్తానన్నాడట.
సీసా మూడొందల యాభై. రెండు కొన్నాడు.

మారదు.
చోడి అంబలి తాగు, ఎండుచేప నములు, పస్తుండు,
ఏడు పాయింటు నాలుగు దగ్గర అది కదలదు.
నీ వీపు వెనక, గుప్పెడంత గుప్పెడంత ఇద్దరు
రాత్రంతా తూకం పట్టుకు కూచుంటారు.
ఈ డబ్బాలో రంగు వాళ్ల చెమట.
నీ కూడు మార్చగలిగింది ఆ చెమటనే,
నీ రాయి పుడుతున్నదీ అందులోనే.

రక్తం కదలడం ఒక్కసారే చూశాను.
కంచిలి అవతల మా చిన్నత్త, ఎర్నమ్మ.
బరంపురం ఆసుపత్రి మంచం మీద
పరిగెత్తుకొచ్చిన మనిషిలా ఊపిరి తీసేది.
ఎక్కడికీ పరిగెత్తలేదు. దిండుకి ఆనుకునే ఉంది.
ఆ ఇద్దరూ తూకం దించేశాక
వాళ్ల కూలి కూడా ఊపిరే చేస్తోంది,
లోపలి పులుపుని గాల్లోకి తోడి తోడి పోస్తూ.
కాగితం మీద ఏడు పాయింటు ఒకటి.
"తరవాణి తాగాలనుందే," అంది నాతో,
"బాగా పులిసింది."
అప్పటికే నీళ్లు చెంచాల లెక్కన ఇస్తున్నారు.
నేను కిటికీలోంచి రైలు పట్టాలు చూశాను.

ఇదేదీ దండాసికి చెప్పలేదు.
ఆకుకూర ఎక్కువ, తలకాయ కూర తక్కువ,
నీళ్లు బోల్డు తాగు, అన్నాను.
"మళ్లీ కార్తీకం వచ్చే ఏడు కదమ్మా," అన్నాడు
నేనేదో దేవుడి క్యాలెండరు ముందుకి జరిపినట్టు.

ఎదురు కొట్లో రెండు నిమ్మకాయలు కొన్నాడు.
వేళ్లతో నొక్కి, వాసన చూసి,
కాసేపు ఎటూ తేల్చుకోలేక నిలబడి
ఒకటి జేబులో వేసుకున్నాడు.
ఒకటి, మిరపకాయలతో కలిపి
ఆటో ముందు కట్టాడు.